పగలు 44 డిగ్రీలు, అర్ధరాత్రి ఉరుములు మెరుపులు.. డాబా మీద పడుకోలేక, ఇంట్లో ఉండలేక ఏం చేస్తున్నారు మీరంతా?

మధిర కుర్రోడు:
అందరికీ నమస్తే. మాది ఖమ్మం జిల్లా, మధిర దగ్గర పల్లెటూరు. ఇంకా రోహిణి కార్తె రానే లేదు, రోళ్లు మాత్రం ఇప్పుడే పగిలేట్టున్నాయి. పగలు సంగతి ఎలాగోలా నెట్టుకొస్తున్నాం, మా సమస్య రాత్రిళ్లు. ఇల్లు కింద రెండు గదుల డాబా, పైన ఒక రేకుల గది. నేను, అమ్మానాన్న, నాన్నమ్మ. స్లాబ్ ఎంత కాగిపోతుందంటే రాత్రి పదకొండింటికి కూడా గోడ మీద చెయ్యి పెడితే చురుక్కుమంటది. ఫ్యాన్ వేస్తే పైనుంచి వేడిగాలి తోస్తది తప్ప ఉపయోగం లేదు. అందుకని అందరం డాబా మీద మంచాలేసుకుని పడుకుంటున్నాం, అక్కడిదాకా బానే ఉంది.

సరిగ్గా కన్ను అంటుకునే టైంకి, ఏ పన్నెండుకో ఒంటిగంటకో, ఒక్కసారిగా దుమ్ముగాలి లేస్తది. ఆ వెనకే మెరుపులు. దుప్పట్లు ఎగిరిపోయి పక్కింటోళ్ల పెరట్లో పడతన్నాయి. నాన్నమ్మకి మోకాళ్ల నొప్పులు, బీపీ కూడా ఉంది, ఆమెని చీకట్లో ఆ మెట్లు దింపడం పెద్ద యజ్ఞం. ఆమేమో మెట్టు మెట్టుకీ ఆగి అర్జునా ఫల్గుణా అంటా ఉంటది, పైన ఫెళఫెళలు. మేం కిందికి చేరేలోపే కరెంటు పోద్ది. వాన చూస్తే పావుగంట, ఒక్కోసారి నాలుగు చినుకులే. ఆ తర్వాత ఇల్లంతా ఉక్క, ముందుకంటే ఘోరంగా. కరెంటొచ్చాక కూలర్ వేస్తే ఒళ్లంతా జిగటగా అయితది కానీ చల్లబడదు. తెల్లారి అందరి మొహాలు వాచిపోయి ఉంటన్నాయి.

ఏసీ కొనమని మాత్రం చెప్పకండి ప్లీజ్, ఈ ఏడు మావల్ల కాదు. ఇన్వర్టర్ ఉంది, పాతది, గంటన్నరకి మించి రాదు. ఇంటిని కాస్త చల్లగా ఉంచడానికి ఏం చేయొచ్చు, గాలివాన వస్తదని ముందే ఎలా తెలుసుకోవాలి, పెద్దావిడ విషయంలో ఏం జాగ్రత్తలు తీసుకోవాలి, తెలిసినవాళ్లు చెప్పండి.

పల్నాడు బాబాయ్:
మీకు 44కే ఇట్టుంటే మా రెంటచింతల వైపు రా అబ్బాయ్, ప్రతి వేసవిలో టీవీలో మా ఊరి పేరే చదువుతారు, ఆ ఒక్క విషయంలోనే మేం ఫేమస్సు.

సరే, పనికొచ్చే మాట చెప్తా. స్లాబ్ పగలంతా ఎండని తాగుద్ది, రాత్రి అయ్యాక ఆ వేడి మెల్లగా కింద గదిలోకి దిగుద్ది. అందుకే నీకు సాయంత్రం ఆరింటికంటే రాత్రి పదింటికే ఎక్కువ కాలుతున్నట్టుండేది. కాబట్టి చేయాల్సింది ఆ ఎండ స్లాబ్‌లోకి ఇంకకుండా చూడటం. డాబా మీద సున్నం కొట్టించు, అంతకంటే చవక మందు లేదు. గుల్లసున్నం రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడగట్టి, దాంట్లో ఫెవికాల్, కొంచెం వైట్ సిమెంటు కలుపుకో. ఫెవికాల్ లేకుండా ఉత్త సున్నం కొట్టావనుకో ఈ రాత్రి వానలకి మొత్తం కారిపోయి గోడలన్నీ చారలు చారలుగా అయిపోతయ్. ముందు డాబా శుభ్రంగా ఊడ్చి కడిగి, సాయంత్రం ఎండ తగ్గాక ఒక కోటు, మర్నాడు అదే టైంకి ఇంకో కోటు. మధ్యాహ్నం కొడితే మాత్రం పెచ్చులు లేచిపోద్ది. కలిపేటప్పుడు కళ్లల్లో పడకుండా చూసుకో, సున్నంతో ఆటలొద్దు. మూడు నాలుగు డిగ్రీల తేడా అయితే వచ్చిద్ది, గోడ మీద చెయ్యి పెడితే నీకే తెలుసుద్ది. ఇదేదో నా సొంత వైద్యం కాదు, మీ తెలంగాణ ప్రభుత్వమే 2023లో దీని మీద కూల్ రూఫ్ పాలసీ అని ఒకటి తెచ్చింది.

పైన రేకుల గది సంగతి వేరు. చాలామంది రేకుల మీద వరిగడ్డో కొబ్బరాకులో పరుస్తారు, పగలు చల్లగానే ఉండిద్ది, కానీ ఈ గాలులకి ఆ గడ్డంతా ఊరంతా చల్లుద్ది, పైగా ఎండుగడ్డి, నిప్పురవ్వ పడితే అంతే. రేకులకి కూడా తెల్లరంగే మేలు. అన్నిటికంటే ముఖ్యం, రేకుల మీద గాలికి లేవకుండా అని ఇటుకలు, రాళ్లు పెడతారు చూడు, అవి ఉంటే ఇవాళే తీసెయ్. గాలి గట్టిగా కొట్టిందంటే రేకుతో పాటు రాయి కూడా వచ్చి ఎవరో ఒకరి నెత్తిన పడుద్ది. రేకుల హుక్కులు, బోల్టులు బిగించి ఉన్నాయో లేదో ఒకసారి చూపించుకో. ఇంకోటి, ఉరుములప్పుడు మీరు ఆ రేకుల గదిలో దూరొద్దు, కింద స్లాబ్ గదిలోకే రండి.

వాతావరణం పిచ్చోడు:
నాకు ఉద్యోగం కంటే రాడార్ చూడటమే ఎక్కువైపోయిందని మా ఆవిడ గోల, ఇదుగో దానికి ఇవాళ పని దొరికింది.

ముందు ఎందుకిలా అవుతుందో చెప్తాను, అది తెలిస్తే ఎప్పుడు దిగాలో మీకే అర్థమైపోతుంది. మే నెలలో విదర్భ నుంచి తెలంగాణ, రాయలసీమ మీదుగా తమిళనాడు దాకా ద్రోణి, అంటే గాలి ఒత్తిడి తక్కువగా ఉండే గీత లాంటిది, ఉందని టీవీల్లో చెప్తుంటారు కదా, ఆ గీత పొడవునా బంగాళాఖాతం నుంచి వచ్చే తేమ గాలి, లోపల నుంచి వచ్చే పొడి వేడిగాలి కలుస్తుంటాయి. పగలు నేల పెనంలా కాగుతుంది, ఆ వేడికి తేమ గాలి జివ్వున పైకి లేస్తుంది, సాయంత్రానికి క్యుములోనింబస్ మేఘాలు, అంటే ఉరుముల మేఘాలు, పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తుకి పెరిగిపోతాయి. అంటే పగలు ఎండ, రాత్రి గాలివాన వేర్వేరు బాధలు కాదండీ, ఆ ఎండే ఈ వానకి కట్టెలు. ఆ మేఘాలు మీ ఊళ్లోనే పుట్టాలని లేదు, సాయంత్రం ఎక్కడో వంద కిలోమీటర్ల అవతల పుట్టి, జరుగుతూ జరుగుతూ మీ దగ్గరికి వచ్చేసరికి అర్ధరాత్రి అవుతుంది. అందుకే మీకు పడుకునేటప్పుడు నెత్తిమీద నక్షత్రాలు కనిపిస్తాయి, ఒంటిగంటకి ఫెళ్లుమంటుంది.

మరి ఎలా తెలుసుకోవాలి అంటే, వాతావరణ శాఖ మౌసమ్ సైట్‌లో రాడార్ బొమ్మలు ఉంటాయి, మీకు మచిలీపట్నం రాడార్ దగ్గర, హైదరాబాద్‌ది కూడా చూడొచ్చు. పడుకునే ముందు తొమ్మిదిన్నర పదికి ఒకసారి తెరవండి. పసుపు, ఎరుపు మచ్చలు ఎటు జరుగుతున్నాయో వరసగా నాలుగైదు బొమ్మలు చూస్తే తెలిసిపోతుంది. మీ వైపు వస్తుంటే ఆ రాత్రికి మంచాలు పైన వెయ్యకండి, అంతే. అదే సైట్‌లో నౌకాస్ట్ అని రాబోయే మూడు గంటలకి జిల్లాల వారీగా హెచ్చరిక ఇస్తారు, పసుపు, ఆరెంజ్, ఎరుపు రంగుల్లో. పొద్దున్న టీవీలో చెప్పే 'అక్కడక్కడా వర్షాలు' కంటే ఇది వంద రెట్లు పనికొస్తుంది. ఫోన్లో దామిని యాప్ కూడా పెట్టుకోండి, పుణెలోని ఐఐటీఎం వాళ్లు చేసింది, మీ చుట్టూ 20, 40 కిలోమీటర్లలో పిడుగులు పడుతుంటే చూపిస్తుంది. నెట్ లేనప్పుడు మాత్రం అది పనిచెయ్యదు, గాలివానప్పుడు మొదట పోయేది నెట్టే కాబట్టి దాని మీదే ఆధారపడకండి.

ఏ యాప్ లేకపోయినా ఒక గుర్తు ఉంది. మెరుపు కనిపించిన దగ్గర్నుంచి ఉరుము వినిపించేదాకా సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగించండి, అన్ని కిలోమీటర్ల దూరంలో పిడుగు ఉన్నట్టు. ముప్పై లోపు వచ్చిందంటే పది కిలోమీటర్ల లోపల ఉంది, ఇక ఆలోచించకుండా దిగిపోవడమే. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా పైకి ఎక్కొద్దు. ఉక్కగా ఉన్న రాత్రి ఉన్నట్టుండి చల్లగాలి ముఖానికి కొడితే అబ్బ ఎంత హాయి అనుకుంటాం కదా, అది మేఘం నుంచి కిందికి దూకిన గాలి, వాన వెనకే ఉందని అర్థం. అప్పుడు మీకు ఉండేది కొన్ని నిమిషాలే. నాన్నమ్మ గారిని దింపడానికి అవి చాలవు, కాబట్టి ఆవిడని మాత్రం మొదటి మెరుపుకే దింపేయండి.

మధిర కుర్రోడు:
థాంక్స్ అన్నా, ఆ చల్లగాలి విషయం మాత్రం నిజం, మేం ఇన్నాళ్లూ ఆ గాలికే దుప్పటి కప్పుకుని ఇంకా హాయిగా పడుకుంటున్నాం 😀 నాన్నమ్మ మాత్రం కింద పడుకోమంటే ఒప్పుకోవట్లే. మా అత్త ఒకామె జేబులో ఉల్లిపాయ పెట్టుకుంటే వడదెబ్బ తగలదంటది, నాన్నమ్మ కొంగుకి కూడా ఒకటి కట్టేసింది. ఇది నిజమేనా?

గుంటూరు సిస్టర్:
తమ్ముడూ, నేను స్టాఫ్ నర్సుని, ఎండాకాలం మా వార్డులో ఉల్లిపాయ కట్టుకుని వచ్చిన వడదెబ్బ కేసులు కూడా చూశాను. కొంగుకి ఉంటే నష్టమేం లేదు, సాయంత్రం పులుసులో వేసుకోవచ్చు, కానీ అది ఉంది కదా అని నీళ్లు తాగడం మానేస్తేనే ప్రమాదం.

పెద్దవాళ్లతో అసలు చిక్కు ఏంటంటే వాళ్లకి దాహం సరిగ్గా తెలియదు. ఒంట్లో నీళ్లు తగ్గిపోయినా నాకేం వద్దమ్మా అంటారు. అడిగి ఇవ్వడం కాదు, గంటకోసారి గ్లాసు చేతికి ఇచ్చి తాగేదాకా పక్కన నిలబడాలి. పల్చటి మజ్జిగ, రాగి జావ, ముంజెలు, ఏదైనా పర్లేదు. రాత్రి బాత్రూంకి లేవాల్సొస్తుందని సాయంత్రం నుంచి నీళ్లు మానేసే ఆడవాళ్లు చాలామంది ఉంటారు, మీ నాన్నమ్మ కూడా అదే బాపతేమో కనుక్కో. మూత్రం ముదురు పసుపుగా వస్తుందంటే నీళ్లు చాలట్లేదని లెక్క. ఓఆర్ఎస్ మాత్రం బీపీ, షుగర్ ఉన్నవాళ్లకి రోజూ కూల్‌డ్రింక్‌లా తాగించకండి, అందులో ఉప్పూ చక్కెరా రెండూ ఉంటాయి, విరేచనాలో బాగా చెమట పట్టి నీరసమో ఉంటేనే. ఇంకో విషయం, బీపీ మాత్రల్లో కొన్ని మూత్రం ఎక్కువ వచ్చేలా చేస్తాయి. ఈ ఎండల్లో డోసు మార్చాలా అని రాసిన డాక్టర్నే ఒకసారి అడగండి, మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు.

రాత్రి సంగతి ఎందుకు ముఖ్యమంటే, పగలంతా ఎండకి అలిసిన ఒళ్లు రాత్రి చల్లబడితేనే మళ్లీ తేరుకుంటుంది. వరసగా రాత్రిళ్లు కూడా ఉక్కలో ఉంటే ఇంట్లో కూర్చున్న మనిషికి కూడా వడదెబ్బ కొడుతుంది. 2015 మే చివర్లో ఆ వడగాడ్పులకి రెండు రాష్ట్రాల్లో కలిపి వెయ్యిమందికి పైగానే పోయారు, వాళ్లలో పెద్దవాళ్లు, కూలి పనికి వెళ్లేవాళ్లు ఎక్కువ.

ఇది మాత్రం గుర్తుపెట్టుకో. మనిషి తికమకగా మాట్లాడుతున్నా, నడక తూలుతున్నా, పిలిస్తే సరిగ్గా పలకకపోయినా, ఒళ్లు కాలిపోతున్నా అది మామూలు నీరసం కాదు. చెమట పడుతోంది కదా పర్లేదు అనుకోవద్దు, చెమట ఉన్నా వడదెబ్బ కావచ్చు. 108కి ఫోన్ చెయ్, అంబులెన్స్ వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోకుండా ఒంటి మీద నీళ్లు కుమ్మరించి గట్టిగా విసురు, ఐస్ ఉంటే మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో గుడ్డలో చుట్టి పెట్టు. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పొయ్యకు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పారాసెటమాల్ వెయ్యకు, అది జ్వరానికి పనిచేస్తుంది కానీ ఈ వేడికి పనిచెయ్యదు.

కూలర్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేనే చెప్తా, ఇది మా ఇంట్లో మా వారి డిపార్ట్‌మెంట్. కూలర్ పొడిగాలిలోనే పనిచేస్తుంది, నీళ్లు ఆవిరైతేనే చల్లదనం. వాన పడ్డాక గాలి నిండా తేమే, నీళ్లు ఎక్కడికి ఆవిరవుతాయి? అందుకే నీకు జిగట. వాన వెలిశాక కూలర్ పంపు కట్టేసి ఉత్త ఫ్యాన్ మాత్రం వేసుకో. కూలర్ ఎప్పుడు వేసినా ఎదురు కిటికీ తెరిచే ఉంచాలి, గది మూసేస్తే రెండు గంటల్లో ఆవిరి గది అయిపోద్ది. ఇంకా ముఖ్యం, వాన వెలిశాక బయట చల్లబడుతుంది, లోపల గోడలు మాత్రం ఇంకా కాగుతూనే ఉంటాయి, అప్పుడు తలుపులు కిటికీలు మూసుకుని లోపల మగ్గితే ఎలా? కిటికీలన్నింటికీ దోమల మెష్ కొట్టించి, గాలివాన తగ్గగానే బార్లా తెరిచి, టేబుల్ ఫ్యాన్ ఉంటే ఒక కిటికీలో బయటికి తిప్పి పెట్టండి, లోపలి వేడిని అది తోసేస్తుంది, ఎదురు కిటికీలోంచి చల్లగాలి లాక్కుంటుంది. పగలు మాత్రం దీనికి ఉల్టా, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా ఎండ పడే కిటికీలు మూసి కర్టెన్లు దించెయ్యాలి.

లైన్ మీద ఉంటా:
నేను లైన్‌మన్‌ని, ఊరు పేరు వద్దులెండి. కరెంటు ఎందుకు తీసేస్తారు అని అందరూ తిట్టేది మమ్మల్నే కదా, కాస్త మా మాట కూడా వినండి. గాలివానలో కొమ్మ లైన్ మీద పడగానే ఫీడర్, అంటే సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకొచ్చే లైన్, దానంతట అదే ట్రిప్ అయి ఆగిపోద్ది, మేం తీసింది కాదు. మళ్లీ ఇవ్వాలంటే ఎక్కడ తెగిందో టార్చ్ పట్టుకుని లైన్ పొడవునా తిరిగి చూడాలి, చూడకుండా ఇస్తే పొలంలో పడ్డ వైరు మీద ఎవడో కాలేస్తాడు. అందుకే చినుకు ఆగినా గంట గంటన్నర పట్టుద్ది. 1912కి ఫోన్ చేసి మీ ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడుందో చెప్పండి, కొమ్మ పడటం మీరు చూసుంటే ఆ జాగా కూడా చెప్పండి, మాకు సగం పని తగ్గిద్ది. తెగిన వైరు కనిపిస్తే కరెంటు లేదు కదా అని కర్రతో పక్కకి తోసే హీరోలు ప్రతి ఊళ్లో ఒకడుంటాడు, ఆ పని మాత్రం చెయ్యకండి, మేం లైన్‌కి మళ్లీ కరెంటు ఎప్పుడు ఇస్తామో మీకు తెలీదు.

టీవీ, సెట్‌టాప్ బాక్స్, వైఫై డబ్బా ప్లగ్గులు పడుకునే ముందే పీకెయ్యండి. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గే ఊడాలి. ఉరుములు మొదలయ్యాక మాత్రం ప్లగ్గుల జోలికి పోవద్దు, కుళాయి దగ్గర గిన్నెలు కడగొద్దు, కిటికీ ఊచలు పట్టుకుని వాన చూడొద్దు. ఛార్జింగ్‌లో పెట్టని ఫోన్ వాడుకోవచ్చు, దానికేం కాదు.

తమ్ముడూ నీ ఇన్వర్టర్ గంటన్నర వస్తుందంటే బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ ఎంతుందో చూశావా? ఈ ఎండలకి తొందరగా ఇంకిపోతాయి. నీళ్లు సరిగ్గానే ఉంటే ఫ్యాన్ మార్చు. పాత సీలింగ్ ఫ్యాన్ 70, 75 వాట్లు తాగుద్ది, ఇప్పుడొచ్చే బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 చుట్టుపక్కలే. అదే బ్యాటరీకి రెట్టింపు టైం వస్తది, కొత్త బ్యాటరీ కంటే చాలా చవక.

జగిత్యాల రైతుబిడ్డ:
మీ అందరిది నిద్ర బాధ, మాది వడ్ల బాధ. యాసంగి వడ్లు ఐకేపీ కొనుగోలు సెంటర్ల పోసి ఉన్నయ్, తేమ 17 శాతం లోపు రావాలె అంటరు, పగలంతా ఎండల నిలబడి ఆరబెట్టుడు, రాత్రి గీ వాన. నిన్న కూడా అర్ధరాత్రి లేచి ఉరికినం పట్టాలు కప్పుదామని. కప్పుతుంటే పక్కకే ఫెళ్లుమన్నది, గుండె ఆగినంత పనైంది. పైన అన్న చెప్పిన ముప్పై సెకన్ల లెక్క చదివినంక అనిపించింది, మేం పోయిన టైంకి మూడు సెకన్లు కూడా లేకుండె.

మా దగ్గర కొందరు ఏం చేస్తున్నరంటే పొద్దుగూకంగనే కుప్ప జేసి పట్టా కప్పి, అంచుల పొడవునా ఇసుక సంచులు పెట్టి పోతున్నరు, మబ్బు ఉన్నా లేకున్నా. కుప్ప చుట్టూ పారతోని చిన్న కాలువ తీస్తే కింద నుంచి నీళ్లు రావు, సగం వడ్లు తడిసేది కింది నుంచే. తెల్లారినంక పట్టా తీసి మళ్ల ఆరబోసుడు. రెండింతల పని, కానీ రాత్రి పోవుడు లేదు. పట్టాలు సెంటర్ల సరిపోను ఇస్తలేరు, కిరాయికి తెచ్చుకుంటున్నం, అది వేరే లొల్లి. మిషిన్ల కాడ, చెట్ల కింద ఎవ్వరూ నిలబడకండ్రి. తాటిచెట్టు అయితే అస్సలే వద్దు.

వాతావరణం పిచ్చోడు:
రైతుబిడ్డా, ఆ సాయంత్రమే కప్పేయడం అనేది కరెక్టు. బయట చిక్కుకుపోయి చుట్టుపక్కల బిల్డింగ్ ఏమీ లేకపోతే ట్రాక్టర్ మీద కూర్చోవద్దు, అద్దాలెత్తిన కారో బస్సో ఉంటే అందులోకి ఎక్కండి. అదీ లేకపోతే చెట్టుకి, కరెంటు స్తంభానికి దూరంగా పల్లంగా ఉన్న చోట కాళ్లు దగ్గరగా పెట్టుకుని గొంతుక్కూర్చోవాలి, నేల మీద పడుకోకూడదు. పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే మనకి షాక్ కొడుతుందని చాలామంది దూరంగా నిలబడిపోతారు, అది తప్పు. ఒంట్లో కరెంటు ఏమీ మిగలదు. ఊపిరి ఆగితే వెంటనే సీపీఆర్, అంటే ఛాతీ మధ్యలో గబగబా నొక్కడం, మొదలుపెట్టి 108కి ఫోన్ చేయించండి, బతికే అవకాశం ఉంటుంది.

మధిర కుర్రోడు:
ఇంతమంది ఇంత ఓపిగ్గా రాశారు, అందరికీ థాంక్స్. సున్నం, ఫెవికాల్ తెచ్చాం, ఇవాళ సాయంత్రం మొదటి కోటు. రేకుల మీద నిజంగానే నాలుగు ఇటుకలున్నాయి బాబాయ్, నాన్న తీయించారు. బ్యాటరీ మూత తీసి చూస్తే నీళ్లు అడుగున ఉన్నాయి, లైన్‌మన్ అన్న చెప్పకపోతే కొత్తది కొనేవాళ్లం. నాన్నమ్మతో ఒక ఒప్పందం కుదిరింది, పదింటికి రాడార్‌లో ఏం లేకపోతేనే పైకి, ఉంటే కింద వసారాలో మంచం. ఒక డౌట్ సిస్టర్, ఆమె సాయంత్రం నుంచి నీళ్లు మానేస్తుందన్నది మీరు కరెక్టుగా పట్టారు, బాత్రూం పెరట్లో దూరంగా ఉంది, చీకట్లో పడతానని భయం. దీనికేం చేయాలి?

గుంటూరు సిస్టర్:
మంచం పక్కనే కమోడ్ కుర్చీ పెట్టండి, మెడికల్ షాపుల్లో దొరుకుతుంది, ఊళ్లో ఎవరి ఇంట్లోనైనా వాడి పక్కన పడేసింది కూడా ఉంటుంది అడిగి చూడండి. లేదంటే బాత్రూం దారిలో ఒక ఛార్జింగ్ లైటు, అమ్మ పక్కనే పడుకోవడం. నీళ్లు ఎక్కువ భాగం సాయంత్రం ఆరులోపే అయిపోయేలా పొద్దున్నుంచి ఇస్తూ రండి, పడుకునే ముందు అరగ్లాసు చాలు.

పల్నాడు బాబాయ్:
రెండో కోటు ఆరేదాకా వాన రాకుండా చూసుకో అబ్బాయ్, మబ్బు పట్టి ఉంటే ఒక రోజు ఆగు. రాడార్ బాబుని అడిగి మరీ కొట్టు.

వాతావరణం పిచ్చోడు:
ఇప్పుడే చూశా, సూర్యాపేట దగ్గర ఒక ఎర్ర మచ్చ ఉంది కానీ ఇంకా చిన్నదే. సున్నం రేపటికి పెట్టుకో తమ్ముడూ, మంచాలు కిందే వెయ్.